ప్రారంభోత్సవం కాని చీలమండ

మా సంస్థలో ప్రారంభోత్సవం కాని వస్తువును వాడకూడదు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. అంతకంటే గట్టిది, అలవాటు. కొత్త నీళ్ల ట్యాంకు నిండుగా ఉన్నా మా ఆడపిల్లలు రెండు వేసవులు పక్కవీధి కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డారు. ట్యాంకుకు రిబ్బను కత్తిరించే పెద్దమనిషి ఖాళీగా దొరకలేదు మరి. మరుగుదొడ్ల సంగతి దీనికి తలకిందులు. వాటికి ప్రారంభోత్సవం అయింది, కట్టడం కాలేదు. అందుచేత వాటిని వాడుకోవడానికి నియమాల ప్రకారం ఎవరికీ అభ్యంతరం లేదు.

నేను ఆ సంస్థలో ప్రచార అధికారిని. ఉత్తర తీర క్రీడా వికాస సంస్థ అని పేరు. ఏదైనా పని జరిగితే పత్రికలకు నాలుగు వాక్యాలు రాసి పంపడం నా ఉద్యోగం. జరగకపోతే ఎనిమిది రాయాలి. ఇన్నేళ్ల సర్వీసులో నాలుగు వాక్యాలతో సరిపెట్టుకున్న రోజులు పెద్దగా గుర్తులేవు.

మా డైరెక్టర్ భుజంగరావు గారు ఒకసారి ఢిల్లీలో ఏదో సదస్సుకు వెళ్లారు. వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లారు, వచ్చేటప్పుడు జ్ఞానంతో వచ్చారు. వచ్చిన మర్నాడే సిబ్బందినందరినీ హాల్లో కూర్చోబెట్టి, మైకు అక్కర్లేనంత చిన్న హాల్లో మైకు పట్టుకుని సెలవిచ్చారు.

"ఆటగాళ్లకు చీలమండ బెణకడం సర్వసాధారణ విషయం. పాదం లోపలికి మడతపడుతుంది, బయటివైపు లిగమెంటు సాగుతుంది. అది ఎవరికైనా అవుతుంది. మెట్లు దిగే గుమస్తాకీ అవుతుంది. కానీ లోపలివైపు లిగమెంటు అలా కాదు. అది విసనకర్రలాగా విచ్చుకుని ఎముకల్ని పట్టుకుని ఉండే బలిష్ఠమైన పదార్థం. అది బెణకాలంటే పాదం బయటికి తిరగాలి, గట్టి దెబ్బ తగలాలి. బహు అరుదు. ఇంత అరుదైన బెణుకుకు ప్రత్యేక కేంద్రం ఎక్కడా లేకపోవడాన్ని మన సంస్థకు లభించిన సువర్ణావకాశంగా నేను పరిగణిస్తున్నాను."

మా డాక్టర్ పాణిగ్రాహి గారు లేచారు. మెత్తటి మనిషి. పైవాళ్లతో వాదించి గెలిచిన చరిత్ర లేదు, అయినా లేవడం మానరు.

"సార్, మన పిల్లలకు తొంభైపాళ్లు బయటివైపే బెణుకుతుంది. కేంద్రం పెట్టేదేదో రెండు వైపులకీ..."

"డాక్టర్ గారూ, సాధారణమైన జబ్బుకు కేంద్రం పెడితే దాన్ని ఆసుపత్రి అంటారు. అరుదైన జబ్బుకు పెడితేనే ఉత్కృష్టతా కేంద్రం అంటారు."

డాక్టర్ గారు కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నారు. ఏడాది తిరక్కుండా కేంద్రం లేచింది. లోపల నీలం పలకల చల్లనీళ్ల తొట్టి, ఐసు తయారుచేసే యంత్రం, మెత్తటి బూట్లు, రబ్బరు పట్టీలు, కాలు నిలదొక్కుకోవడం నేర్పే ఊగుడు పలకలు. గుమ్మానికి పెద్ద తాళం, తాళానికి ఎర్ర రిబ్బను. అన్నీ సమకూరాయి గాని అసలైనది కుదర్లేదు. రోగి దొరకలేదు.

డైరెక్టర్ గారు సాయంత్రాలు మైదానం చుట్టూ తిరుగుతూ, సంతలో కోళ్ల బేరగాడిలా, పిల్లల మొహాలు వదిలేసి కాళ్లకేసి చూడ్డం మొదలుపెట్టారు. ఎవరైనా కుంటుతూ కనబడితే ఆయన మొహం వికసించేది. దగ్గరికెళ్లి ఏ వైపని అడిగేవారు. బయటివైపని తెలియగానే, "ఇంత నిర్లక్ష్యంగా ఆడితే ఎలాగయ్యా" అని మందలించి వెళ్లిపోయేవారు. సొరకాయంత వాపుతో ఒక లాంగ్‌జంప్ కుర్రాడు కొత్త భవనం మెట్ల మీద కూర్చుంటే, భవనం పరువు పోతోందని లేపించారు.

అలాంటి రోజుల్లో నూకరత్నం కాలు బెణికింది.

నూకరత్నం మా కబడ్డీ జట్టులో రైడర్. పలాస దగ్గర పల్లె పిల్ల, ఇరవయ్యేళ్లుంటాయి. వాళ్లమ్మ జీడిపిక్కల బట్టీలో పిక్కలు కొడుతుంది. ఆ పిక్కల నూనెకు వేళ్లు నల్లబడి తోలు లేచిపోయి, అన్నం కలుపుకుంటే కారం మండి చెంచాతో తింటుంది. రైల్వే జట్టులో చోటొస్తే ఉద్యోగం వస్తుంది, ఉద్యోగం వస్తే అమ్మను ఆ బట్టీ మాన్పించాలి. ఆ పిల్లకు ఇంతకుమించి కోరిక లేదు. సెలెక్షన్లు విశాఖపట్నంలో, రెండు నెలల్లో ఉన్నాయి.

ఆ సాయంత్రం ప్రాక్టీసులో రైడ్‌కు వెళ్లి తిరిగొస్తుంటే ఒక పిల్ల చీలమండ పట్టేసింది, ఇంకో పిల్ల వెనకనుంచి మీద పడింది. పట్టులో ఇరుక్కున్న పాదం అక్కడే ఉండిపోయి బయటికి తిరిగింది. ఒళ్లు మాత్రం ఇటుపడింది. కోచ్ తవిటమ్మ పరిగెత్తుకొచ్చి పిల్ల తలను ఒళ్లో పెట్టుకుంది.

డాక్టర్ గారు లోపలి చీలమండ ఎముక కింద వేలితో నొక్కారు. "ఓలమ్మో" అని పిల్ల కేక పెట్టింది. బయటివైపు నొక్కారు, నొప్పి లేదు. పిక్క పొడుగునా మోకాలి దాకా తడిమి చూశారు, అక్కడా లేదు. నిలబడమంటే కాలు మోపలేకపోయింది. ఎక్స్‌రే తీయించుకొచ్చాక నెమ్మదిగా చెప్పారు.

"ఎముక విరగలేదు, అదృష్టం. లోపలి లిగమెంటు సగం చిరిగింది. బయటి బెణుకు కంటే ఇది నెమ్మదిగా మానుతుంది. ఇవాళ్టి నుంచీ సరిగ్గా చూసుకుంటే సెలెక్షన్లకు అందుకుంటావు. చూసుకోకపోతే పాదం లోపలికి కుంగిపోయి ఈ కాలు జన్మంతా నీ మాట వినదు."

"మీరేటి సెయ్యమంటే అది సేస్తాను సారూ. కూత పెట్టుకుని గీత దాటితే సాలు నాకు" అంది నూకరత్నం, కళ్లనీళ్లు మోచేత్తో తుడుచుకుంటూ.

అంతలో డైరెక్టర్ గారు వచ్చారు. చేతిలో పూలదండ ఉంది.

"లోపలిదేనా?"

"లోపలిదే సార్."

"అనుమానం లేదుగా?"

"లేదు సార్."

ఆయన కళ్లు చెమర్చాయి. దండ పిల్ల మెడలో వేశారు, శాలువా కప్పారు, డాక్టర్ గారి గదిలో ఉన్నవాళ్లందరికీ మైసూర్‌పాకు పంచారు. ఆ పిల్ల ఒక చేత్తో కాలు, ఒక చేత్తో మైసూర్‌పాకు పట్టుకుని తవిటమ్మ మొహంకేసి చూసింది. నేను ఎనిమిది వాక్యాలు రాసుకున్నాను.

"సార్, కేంద్రం తాళం తీయించండి. వెంటనే ఐసు పెట్టాలి" అన్నారు డాక్టర్ గారు.

"తాళం ఎలా తీస్తామండీ? మంత్రిగారి అమృత హస్తాలతో ప్రారంభం కావాలి."

"పోనీ క్యాంటీన్ ఫ్రిజ్‌లో ఐసు తెప్పిస్తాను."

డైరెక్టర్ గారు ఆగి, ఆయన్ని పరీక్షగా చూశారు. "ఐసు పెడితే ఏమవుతుంది?"

"వాపు తగ్గుతుంది."

"వాపు తగ్గిపోయాక మంత్రిగారొచ్చి ఏం చూస్తారు?"

నాకు ఒళ్లు మండింది గాని, మండిన ఒంటితో ఎనిమిదో వాక్యం సరిదిద్దుకున్నాను. ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. ప్రథమ రోగి చీలమండను ప్రారంభోత్సవం వరకు యథాతథ స్థితిలో ఉంచాలి. అందుకు వాపు సంరక్షణ కమిటీని నియమించడమైనది. అధ్యక్షులు డైరెక్టర్ గారు, సభ్యులం నేనూ, డాక్టర్ గారూ, టేపు ఉన్నందుకు మా సివిల్ ఇంజనీరు గారూ.

మర్నాడు పొద్దున్న కమిటీ తొలి తనిఖీ అయ్యాక డాక్టర్ గారు వెనక ఉండిపోయి, నూకరత్నానికీ తవిటమ్మకూ నియమాలు వివరించారు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి విన్నాను.

"చూడమ్మా, నేను కమిటీ సభ్యుణ్ణి. చెయ్యకూడనివి చెప్పడం నా బాధ్యత. ఐసు పెట్టకూడదు. ముఖ్యంగా పల్చటి గుడ్డలో చుట్టి, పావుగంట చొప్పున, రోజుకు నాలుగైదుసార్లు అస్సలు పెట్టకూడదు. నేరుగా చర్మానికి తగలనిస్తే చర్మం కాలుతుంది, అది ఎలాగూ చెయ్యరు. ఇంకా, నూనె రాసి మర్దన చెయ్యకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. ఈ రెండూ మాత్రం నిజంగానే కూడదు."

తవిటమ్మ కాసేపు ఆయన మొహం చూసింది. "అలగలగే సారూ. సోడాకొట్టు సూరిగాడి దగ్గిర ఐసు ఉంటాది. ఆడి దగ్గిరికి ఎల్లకూడదు కదా?"

"చస్తే వెళ్లకూడదు."

"పొద్దుటేల ఎల్లకూడదా, సాయంకాలమా?"

"రెండుపూటలా వెళ్లకూడదు."

ఇలా ఆ పిల్ల వైద్యం మొదలైంది. డాక్టర్ గారు నిషేధిస్తూ పోయారు, తవిటమ్మ ఉల్లంఘిస్తూ పోయింది.

ప్రారంభోత్సవం మాత్రం సాగలేదు. ముహూర్తం పెట్టాక మంత్రిగారికి వేరే జిల్లాలో పని పడింది. ఆయన తిరిగొచ్చేసరికి మూఢం వచ్చింది. మూఢంలో పెళ్లిళ్లు చెయ్యరు, గృహప్రవేశాలు చెయ్యరు. చీలమండల మాట శాస్త్రంలో లేదని డాక్టర్ గారు అంటే, లేదు కాబట్టే జాగ్రత్తగా ఉండాలన్నారు డైరెక్టర్ గారు.

ఈలోగా నా ఎనిమిది వాక్యాలు పత్రికల్లో పడి, అరుదైన బెణుకును చూడ్డానికి జనం రావడం మొదలెట్టారు. పక్క జిల్లాల అధికారులు, క్లబ్బుల అధ్యక్షులు, ఒక మహిళా మండలి. డాక్టర్ గారికి ఇక్కడ దారి దొరికింది. ఆయన ఇంతకాలం వైద్యం మాట్లాడి ఓడిపోయారు. ఇప్పుడు మర్యాద మాట్లాడ్డం మొదలుపెట్టారు.

"సార్, పెద్దలు వంగి నేల మీద కాలు చూడాల్సొస్తోంది. మన సంస్థకు గౌరవంగా లేదు."

"నిజమే. ఏం చేద్దాం?"

"దిండ్ల మీద ఎత్తుగా పెడితే శోభగా ఉంటుంది."

రెండు వెల్వెట్ దిండ్లు వచ్చాయి. పాదం గుండెకంటే ఎత్తుకు లేచింది.

"ఇంకొకటి సార్. ప్రదర్శనలో పెట్టిన వస్తువు నడుచుకుంటూ భోజనానికి వెళ్లడం బాగుండదేమో."

నూకరత్నం నడవకూడదని ఉత్తర్వు వచ్చింది. కుర్చీలో మోయడానికి ఇద్దరు అటెండర్లను వేశారు. పిల్లకు సిగ్గేసింది గాని తవిటమ్మ కళ్లతోనే కసిరింది. "కూకోవే. కాలుకి అదే కదా మందు."

మూఢం అయింది, ఉపఎన్నిక వచ్చింది. ఎన్నికల నియమావళి ప్రకారం శిలాఫలకాలకూ విగ్రహాలకూ ముసుగులు వేశారు. మా డైరెక్టర్ గారు ఏ నియమాన్నీ సగంలో వదిలే మనిషి కాదు. కేంద్రం బోర్డు మీద ముసుగు వేయించి, నూకరత్నం గదికొచ్చి, ఆలోచనలో పడ్డారు.

"ఈ చీలమండ కూడా ప్రభుత్వ విజయం కిందికే వస్తుంది. ఓటర్లను ప్రభావితం చేసే అవకాశం ఉంది. దీన్ని కప్పాలి."

"కప్పాల్సిందే సార్" అన్నారు డాక్టర్ గారు, అంతకంటే గంభీరంగా. "మామూలు గుడ్డైతే జారిపోతుంది. ఏ విలేకరి కంటైనా పడితే కేసు. సాగే పట్టీతో వేళ్ల దగ్గర్నుంచి పైదాకా నేనే బిగుతుగా చుడతాను."

చుట్టారు. రోజూ విప్పి, రక్తం ఆడుతోందో లేదో చూసి, మళ్లీ చుట్టారు. ముసుగు చాటున ఇంకా చాలా నిషేధాలు అమలయ్యాయి. నేల మీద తువ్వాలు పరిచి కాలివేళ్లతో దగ్గరికి లాక్కోకూడదు. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవకూడదు. ఆ తర్వాత గోడ వదిలేసి ఒంటికాలి మీద నిలబడకూడదు. చివర్లో డాక్టర్ గారు, తెల్లారగట్ల మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా పరిగెత్తడం మీద కూడా కఠినమైన నిషేధం విధించారు.

ఎన్నిక ముగిసింది. కమిటీ సమక్షంలో ముసుగు తొలగించారు. ఇంజనీరు గారు టేపు పెట్టి కొలిచి, మళ్లీ కొలిచి, రెండో కాలు కూడా కొలిచి, "సార్, రెండూ ఒకటే వస్తున్నాయి" అన్నారు.

డైరెక్టర్ గారు కుర్చీలో కూలబడ్డారు. "ఎవరి అనుమతితో తగ్గింది?"

ఇంజనీరు గారు టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నారు.

"డాక్టర్ గారూ, నేను స్పష్టంగా ఉత్తర్వు ఇచ్చానా లేదా? యథాతథ స్థితి అని రాశానా లేదా?"

"కాలు కదా సారూ. దానికి సదవరాదు" అంది తవిటమ్మ.

అప్పుడే ఫోన్ మోగింది. మంత్రిగారు తేదీ ఇచ్చారు. వచ్చే శుక్రవారం. నూకరత్నం మొహం పాలిపోయింది. ఆ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికే విశాఖపట్నంలో సెలెక్షన్లు, రెండు గంటల ప్రయాణం.

"నాను పొద్దున్నే ఎల్లిపోవాలి సారూ. అది పోతే మళ్లీ సంవత్సరానికి గాని రాదు. అందాకా మాయమ్మ ఆ బట్టీలోనే ఉండాల" అంది.

"వెళుదువుగానమ్మా. పది గంటలకల్లా మంత్రిగారు వచ్చేస్తారు. అరగంట కార్యక్రమం. నీ భవిష్యత్తుకు ఈ సంస్థ ఎప్పుడూ అడ్డురాదు" అని, ఆయన కమిటీ వైపు తిరిగారు. "ఇప్పుడు మన ముందున్న సమస్య ఒక్కటే. బెణుకును పునరుద్ధరించడం ఎలా?"

వేళాకోళం అనుకుని నేను నవ్వబోయాను. ఆయన మొహం చూసి మానుకున్నాను. పాదాన్ని నియంత్రిత పద్ధతిలో, నిపుణుల పర్యవేక్షణలో, బయటికి తిప్పే అవకాశాన్ని పరిశీలించాలని ఆయన ప్రతిపాదించారు. ఇంజనీరు గారు ఎంత కోణం తిప్పాలని అడిగారు. తవిటమ్మ లేచి నూకరత్నం మంచానికి అడ్డంగా నిలబడింది.

"దీని కాలు మీద సెయ్యేసినోడి సెయ్యి నాను పట్టుకుంటాను. నాను పట్టుకున్నాక అది మళ్లీ ఆడిది అవదు."

ఆవిడ ఒకప్పుడు జట్టుకు ఆరేళ్లు డిఫెండర్. ప్రతిపాదన వీగిపోయింది. దాని బదులు నాటకాలకు మేకప్ వేసే కామేశాన్ని పిలిపించారు. ఆయన జీవితమంతా రాక్షసులకు కోరలూ, మునులకు గడ్డాలూ అతికించిన మనిషి. శుక్రవారం పొద్దున్న మైదాపిండి, జిగురు కలిపి లోపలి చీలమండకు అతికించి, ఊదా రంగూ పసుపు రంగూ పూస్తే, అసలు వాపు కంటే దిట్టంగా కనబడింది. డైరెక్టర్ గారు దాన్ని అటు తిరిగి ఇటు తిరిగి చూసి, "మొదట్నుంచీ ఇలా ఉండాల్సింది" అన్నారు.

పది అయింది. మంత్రిగారు రాలేదు. పదకొండు అయింది. కేంద్రం ముందు షామియానా కింద వేదిక మీద, వెల్వెట్ దిండు మీద కాలు పెట్టుకుని నూకరత్నం గేటుకేసి చూస్తోంది. గేటు బయట తవిటమ్మ ఆటో ఎక్కి కూర్చుని, ఇంజను ఆపనివ్వడం లేదు. పన్నెండు కావస్తుండగా కార్లు వచ్చాయి. జ్యోతి వెలిగించారు. రిబ్బను తెగింది. చప్పట్లు కొట్టారు. మంత్రిగారు వాపును చూసి అయ్యో అన్నారు.

"ఎల్లొస్తాను సారూ" అని నూకరత్నం లేచింది.

"ఎక్కడికి?" అన్నారు డైరెక్టర్ గారు.

"సెలెక్సన్‌కి."

"నువ్వు ఈ క్షణం నుంచి ఈ కేంద్రంలో చేరిన రోగివమ్మా. చికిత్స ఆరు వారాలు."

"నాకు బాగయిపోనాది కదా సారూ!"

"బాగవడం మేమింకా మొదలుపెట్టలేదు."

మైకు ఆయన చేతిలోనే ఉంది, అందరూ విన్నారు. జనంలో ఒకరిద్దరు నవ్వారు. నూకరత్నం నవ్వలేదు. గేటుకేసి చూసింది, డాక్టర్ గారికేసి చూసింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకోబోయి, మానేసి మళ్లీ పెట్టుకున్నారు.

"నూకరత్నం, నువ్వు ఇప్పుడు పరిగెత్తకూడదు. ముఖ్యంగా ఆ గేటు వైపు" అన్నారు గట్టిగా.

పిల్ల లంగావోణీ కుచ్చెళ్లు ఎగదోపింది. కూత పెట్టింది.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

వేదిక మీది పెద్దలు అలవాటు కొద్దీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఫొటో అనుకున్నారు పాపం. ఆ పిల్ల ఎడమకు వెళ్తున్నట్టు కనబడి కుడికి తిరిగింది, ఇంజనీరు గారు అడ్డంగా చాచిన టేపు కిందనుంచి దూరింది, మూడు మెట్లనూ ఒక్క గెంతులో దాటి ఆ కాలి మీదే దిగింది. కాలు నిలబడింది. డైరెక్టర్ గారు సంస్థ పరువంతా ఒక్కచోట చేర్చుకుని వెనకనుంచి దూకి, సరిగ్గా చీలమండ దగ్గరే పట్టారు. పట్టు మంచిదే. కానీ పట్టులోకి వచ్చింది వాపు మాత్రమే. పిల్ల గేటు దాటింది, ఆటో కదిలింది, కూత రోడ్డు మలుపు దాకా వినబడింది.

డైరెక్టర్ గారు మెట్ల మీద బోర్లా పడి ఉన్నారు. చేతిలో ఊదా రంగు మైదాముద్ద.

"ఏమిటయ్యా అది?" అన్నారు మంత్రిగారు.

ఆ మనిషి ఊరికే డైరెక్టర్ కాలేదు. పడినచోటు నుంచే చెయ్యి పైకెత్తారు. "వాపు సార్. తొలగించాం."

మంత్రిగారు ఒక క్షణం ఆలోచించి చప్పట్లు కొట్టారు. జనమూ కొట్టారు. రిబ్బను తెగిన పావుగంటలో రోగి పరిగెత్తిన కేంద్రం ప్రపంచంలో మరొకటి లేదని నేను అక్కడికక్కడే మైకులో ప్రకటించాను. చప్పట్లు ఆగాక డైరెక్టర్ గారు లేవబోయి, కెవ్వుమని మళ్లీ కూర్చున్నారు. చీలమండ ఉబ్బుతోంది. ఈసారి మైదా కాదు.

"డాక్టర్ గారూ! రెండో రోగి! లోపలికి తీసుకెళ్లండి" అన్నారు, నొప్పిలోనూ మెరుస్తూ.

డాక్టర్ గారు మోకాళ్ల మీద కూర్చుని లోపలివైపు ఎముక కింద నొక్కారు. ఏమీ లేదు. బయటివైపు నొక్కారు. కేక ఆసుపత్రి రోడ్డు దాకా వెళ్లింది.

"క్షమించాలి సార్. బయటివైపు. మెట్లు దిగేవాళ్లకు అవుతూ ఉంటుంది. ఇక్కడ చూడ్డానికి లేదు."

ఆయన్ను రిక్షాలో ప్రభుత్వాసుపత్రికి పంపించాం. అక్కడ బయటి బెణుకుల వరస చాలా పెద్దది, ముందు మా లాంగ్‌జంప్ కుర్రాడే ఉన్నాడట.

సాయంత్రం తవిటమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తూ నవ్వుతోంది, ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత నూకరత్నం ఫోన్ తీసుకుంది. "సారూ, అయిపోనాది. తీసుకున్నారు. మాయమ్మకి రేపు బట్టీకి ఎల్లొద్దని సెప్పీసినాను" అంది. ఆ వార్తకు నాలుగు వాక్యాలు చాలు. రాసి చూస్తే మూడే వచ్చాయి.

రైల్వే వాళ్లు ఆమెకు ఉద్యోగమిచ్చి ఏడాది దాటింది. మా కేంద్రంలో మాత్రం ఒకటో నంబరు మంచం ఆమె పేరు మీదే ఉంది, రోజూ దుప్పటి మారుస్తున్నారు. ఇంకా డిశ్చార్జ్ చెయ్యలేదు. డిశ్చార్జ్ విభాగం ప్రారంభోత్సవానికి మంత్రిగారు తేదీ ఇవ్వాలి.